బెల్హార్ ఒప్పుకోలుకు సంఘంలో ఏ స్థానం ఇవ్వాలి: ఓటు వేయవలసిన పెద్దలకు ఒక పోలిక

జాతిని బట్టి మనుషులను దూరం పెట్టడం పాపమని చెప్పడానికి వెనుకాడే క్రైస్తవ శాఖ ఈ రోజుల్లో అరుదు. చిక్కు ఆ మాట చెప్పడంలో రాదు, చెప్పిన మాటను సంఘం ఎక్కడ రాసుకోవాలన్న దగ్గర వస్తుంది. సినడు, అంటే శాఖ మొత్తానికి నిర్ణయాలు చేసే సభ, మినిట్స్‌లో ఒక తీర్మానంగా రాసుకోవచ్చు. ఆరాధనలో కలిసి చదువుకునే సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. పాస్టరు అభిషేకం నాడు, పెద్దల నియామకం నాడు ‘ఇది నా విశ్వాసం’ అని సంతకం చేసే ఒప్పుకోలుగానూ స్వీకరించవచ్చు. జాతిని బట్టి సంఘాన్ని విడదీయడం తప్పని చెబుతూ దక్షిణాఫ్రికాలో 1982లో రాసి, 1986లో ఆమోదించిన బెల్హార్ ఒప్పుకోలు విషయంలో రిఫార్మ్డ్ (కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్) సంప్రదాయానికి చెందిన శాఖలు ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులు ఇచ్చుకున్నాయి. ఆ జవాబులను పక్కపక్కన పెట్టి, ఏ సంఘానికి ఏది తగునో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన తెలుగులో ‘ఒప్పుకోలు’ అనే ఒక్క మాటే రెండు పనులు చేస్తుంది. పాపపు ఒప్పుకోలూ అదే, విశ్వాసపు ఒప్పుకోలూ అదే. బెల్హార్ విషయంలో ఈ రెండు అర్థాలూ పెనవేసుకుని ఉంటాయి కాబట్టి ఆ మాటను ఇక్కడ అలాగే వాడుతున్నాను.

## పత్రం వెనుక ఉన్న బల్ల

ఈ కథ ప్రభువు బల్ల దగ్గర మొదలైంది. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్డ్ సంఘంలో తెల్లవారూ, క్రైస్తవులైన నల్లవారూ, మిశ్రమ సంతతివారూ ఒకే బల్ల నుండి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం కొందరు తెల్లవారికి ఇష్టం లేకపోయింది. 1857లో ఆ సంఘం సినడు ఒక నిర్ణయం చేసింది. అందరూ కలిసి ఆరాధించడమే లేఖనానుసారమని ముందుగా ఒప్పుకుని, ‘కొందరి బలహీనత వలన’ వేరుగా కూడుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఆ మాటల్లో అపొస్తలుడైన పౌలు ‘బలహీనులైన సహోదరుల’ గురించి రాసిన మాటల పోలిక వినిపిస్తుంది. అయితే పౌలు మాటల్లో బలహీనుడు కాపాడవలసినవాడు. ఇక్కడ బలహీనులుగా లెక్కకు వచ్చినవారు భూమీ, అధికారమూ చేతిలో ఉన్నవారు, బయటికి నడవవలసి వచ్చినవారు ఏ బలమూ లేనివారు. 1881లో మిశ్రమ సంతతివారికి డచ్ రిఫార్మ్డ్ మిషన్ సంఘం అని వేరే సంఘమే ఏర్పడింది. తాత్కాలిక సర్దుబాటుగా మొదలైనది కాలక్రమంలో వేరుగా ఉండడమే దేవుని చిత్తమనే బోధగా మారి, చివరకు అపార్థైడ్‌కు, అంటే దక్షిణాఫ్రికా ప్రభుత్వపు జాతి విభజన విధానానికి, వేదాంతపు అండగా నిలిచింది.

వేరు చేయబడిన ఆ మిషన్ సంఘమే 1978లో, అపార్థైడ్ సమాధాన సువార్తకు విరుద్ధమని ప్రకటించింది. 1982లో అట్టావాలో కూడిన ప్రపంచ రిఫార్మ్డ్ సంఘాల కూటమి, అపార్థైడ్‌ను సమర్థించే బోధను విశ్వాసానికే సంబంధించిన తప్పుగా నిర్ధారించి, ఆ మిషన్ సంఘపు పాస్టరు అలన్ బూసాక్‌ను తన అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అదే ఏడాది మిషన్ సంఘం సినడు కేప్‌టౌన్ శివారు బెల్హార్‌లో కూడి, ఈ ఒప్పుకోలు ముసాయిదాను ముందుకు తెచ్చింది. దాన్ని సిద్ధం చేసినవారిలో డిర్కీ స్మిట్, యాప్ డ్యురాండ్ వంటి వేదాంతులు ఉన్నారు. ఊళ్లూ సంఘాలూ నాలుగేళ్లు చదివి, చర్చించిన తరువాత 1986లో దాన్ని ఆమోదించారు.

ఒప్పుకోలులో ఐదు భాగాలున్నాయి. త్రియేక దేవునిపై విశ్వాసంతో మొదలై, సంఘ ఐక్యత, సమాధానం, న్యాయం అనే మూడు అంశాల మీదుగా సాగి, అధికారులు నిషేధించినా, శిక్షలు ఎదురైనా యేసే ప్రభువని ఒప్పుకోవాలన్న పిలుపుతో ముగుస్తుంది. అందులో అపార్థైడ్ అన్న పదం ఎక్కడా లేదు. దానితో పాటు ఉన్న లేఖ, ఈ ఒప్పుకోలు ఏ మనుషులకూ ఎదురు నిలిచి రాసింది కాదనీ, తప్పుడు బోధకు ఎదురు నిలిచి రాసిందనీ చెబుతుంది. ఆ లేఖ చదవకుండా ఓటు వేయవద్దని నా విన్నపం.

## ఏ కొలమానాలతో తూచాలి

మొదటిది, కట్టుబాటు. ఈ పత్రానికి విరుద్ధంగా బోధించిన పాస్టరును, నడుచుకున్న పెద్దను సంఘం ప్రశ్నించగలదా? ప్రశ్నించలేకపోతే పత్రం ఎంత చక్కగా ఉన్నా అది గోడకు వేలాడే పటంగా మిగులుతుంది.

రెండవది, ఇది విశ్వాస విషయమా, నడవడి విషయమా అన్నది. జాతి న్యాయం మంచి నడవడికి సంబంధించినదనీ, దాన్ని త్రిత్వంతోనూ రక్షణతోనూ సమానంగా ఒప్పుకోలులో చేర్చకూడదనీ కొందరు మనఃపూర్వకంగా వాదిస్తారు. వారికి నా జవాబు గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం చేయడం మాని వెనక్కి తగ్గినప్పుడు, పౌలు దాన్ని మర్యాద లోపంగా చూడలేదు. సువార్త సత్యాన్ని బట్టి నడవకపోవడంగా చూసి, అందరి యెదుట ముఖాముఖిగా ఎదిరించాడు. ఎవరు ఎవరితో కూర్చుని తింటారన్నది అక్కడ సువార్తకే పరీక్ష అయింది.

మూడవది, పదాల పరిధి. సంఘ సభ్యత్వానికి పుట్టుక గానీ, మరే ఇతర మానవ లేదా సామాజిక కారణం గానీ కొలమానం కాకూడదని బెల్హార్ రెండవ భాగం చెబుతుంది. ‘మరే ఇతర’ అన్న మాట ఎంతవరకు సాగుతుందన్నది నిజమైన వివాదం. 2008లో బూసాక్ తన సంఘం సినడులో, బెల్హార్ తర్కాన్ని బట్టి స్వలింగ సంపర్కులను కూడా పూర్తిగా స్వీకరించాలని వాదించాడు. సినడు అంగీకరించకపోవడంతో తన పదవులకు రాజీనామా చేశాడు. అమెరికాలో చాలామంది పెద్దలు బెల్హార్‌కు ఓటు వేయడానికి జంకింది ఇక్కడే. ఈ జంకును తీసిపారేయకూడదు, దాని చాటున దాగడమూ కూడదు. బెల్హార్‌ను రాసి స్వీకరించిన సంఘమే ఆ అర్థాన్ని ఆనాడు ఒప్పుకోలేదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగవది, అడుగుతున్నది ఎవరన్నది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా బరువైనది, చర్చల్లో అన్నిటికన్నా తక్కువగా వినిపించేది కూడా. బెల్హార్ తెల్ల సంఘం తన మంచితనాన్ని చాటుకోవడానికి రాసుకున్నది కాదు, బల్ల దగ్గర నుండి లేపి పంపించబడినవారు రాసి, లేపినవారి ముందు పెట్టినది.

## ఒక్క చూపులో

| దారి | నడిచిన శాఖ | సంతకం తప్పనిసరా | బలం | లోటు |
|---|---|---|---|---|
| పూర్తి ఒప్పుకోలు | రిఫార్మ్డ్ చర్చ్ ఇన్ అమెరికా, 2010 | అవును | బోధకు, క్రమశిక్షణకు ఆధారం | ఒప్పుకోనివారు దూరమవుతారన్న భయం |
| ఒప్పుకోళ్ల గ్రంథంలో ఒకటి | ప్రెస్బిటీరియన్ చర్చ్ (యు.ఎస్.ఎ.), 2016 | గ్రంథం మొత్తానికి కలిపి | చరిత్రలో దాని చోటు కనిపిస్తుంది | పన్నెండింటిలో ఒకటిగా పలచబడవచ్చు |
| వేరే తరగతి | క్రిస్టియన్ రిఫార్మ్డ్ చర్చ్, 2012, 2017 | కాదు | ఐక్యత నిలుస్తుంది | ఎవరినీ నిలదీయలేదు |
| తీర్మానం, క్షమాపణ | పలు శాఖలు | కాదు | త్వరగా చేయవచ్చు | త్వరగా మరచిపోవచ్చు |

## పూర్తి ఒప్పుకోలుగా స్వీకరించడం

రిఫార్మ్డ్ చర్చ్ ఇన్ అమెరికాకు శతాబ్దాలుగా మూడే ప్రమాణ పత్రాలు ఉండేవి: బెల్జిక్ ఒప్పుకోలు, హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, డార్ట్ తీర్మానాలు. 2007లో తాత్కాలికంగా, 2009లో సినడు ఓటుతో, ఆపైన క్లాసిస్‌లు అనే ప్రాంతీయ సభలలో మూడింట రెండు వంతుల ఆమోదంతో, 2010లో బెల్హార్ నాలుగవదిగా చేరింది. పదహారు, పదిహేడు శతాబ్దాల యూరప్ పత్రాల పక్కన ఆఫ్రికా నేల మీద పుట్టిన పత్రం సమాన స్థానంలో కూర్చుంది.

ఈ దారి మంచి ఏమిటంటే పాస్టరు ప్రసంగాన్ని, సంఘం సభ్యత్వ పద్ధతిని బెల్హార్ ముందు పెట్టి అడిగే హక్కు సాధారణ సభ్యుడికి వస్తుంది. యువకులకు నేర్పే పాఠాల్లో అది ఉండి తీరాలి. కష్టం ఏమిటంటే, పత్రంలోని ఏదో ఒక మాటపై మనస్సాక్షి ఒప్పని పెద్ద ఉంటే, అతనికి మౌనంగా పక్కకు తప్పుకునే వీలుండదు. న్యాయం గురించిన నాలుగవ భాగంలో దేవుడు నిరుపేదలకు, అన్యాయానికి గురైనవారికి ప్రత్యేకమైన రీతిలో దేవుడన్న మాట చాలామందిని ఆపింది, అది రాజకీయ వేదాంతమని కొందరు అన్నారు. అయితే ఆ మాటను అనుసరించి వచ్చే వాక్యాలు, అంటే ఆకలిగొన్నవారికి ఆహారం, బంధింపబడినవారికి విడుదల, పరదేశులకు కాపుదల, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు ఆదరణ, నూట నలభై ఆరవ కీర్తనలోనివే. ఆ కీర్తనను ఆరాధనలో చదివే సంఘానికి ఈ భాగం పరాయిది కాకూడదు.

## ఒప్పుకోళ్ల గ్రంథంలో చేర్చడం

ప్రెస్బిటీరియన్ చర్చ్ (యు.ఎస్.ఎ.) వద్ద మొదటి నుండి ఒప్పుకోళ్ల గ్రంథం ఉంది. నైసియ విశ్వాస ప్రమాణం నుండి హిట్లర్ కాలంలో జర్మనీలో వెలువడిన 1934 నాటి బార్మెన్ ప్రకటన వరకు, జాతి సమాధానం గురించి స్పష్టంగా మాట్లాడిన 1967 నాటి ఒప్పుకోలు వరకు అన్నీ అందులో ఉన్నాయి. బెల్హార్‌ను చేర్చాలన్న మొదటి ప్రయత్నం ప్రెస్బిటరీలు అనే ప్రాంతీయ సభలలో మూడింట రెండు వంతులు రాక ఆగిపోయింది. రెండవ ప్రయత్నం నెగ్గి 2016లో అది పన్నెండవ పత్రంగా చేరింది.

ఓడినదాన్ని మళ్లీ చర్చకు తెచ్చి, సంఘాలలో చదివించి, ఓటుకు పెట్టిన ఆ ఓపిక నాకు నచ్చింది. ఇటువంటి గ్రంథం ఇప్పటికే ఉన్న శాఖకు ఇది సహజమైన దారి. మూడే పత్రాలకు కట్టుబడిన శాఖ దీన్ని అనుకరించబోతే ముందు తన రాజ్యాంగాన్నే మార్చుకోవాలి, అది బెల్హార్ కన్నా పెద్ద చర్చ అయి అసలు విషయాన్ని మింగేస్తుంది.

## వేరే తరగతిలో ఉంచడం

గ్రాండ్ ర్యాపిడ్స్ కేంద్రంగా ఉన్న క్రిస్టియన్ రిఫార్మ్డ్ చర్చ్, దక్షిణాఫ్రికా సినడు బల్లను విడదీసిన ఆ 1857లోనే మిషిగన్‌లో మొదలైంది. 2009లో అక్కడి సినడు బెల్హార్‌ను నాలుగవ ఒప్పుకోలుగా స్వీకరించాలని ప్రతిపాదించి, సంఘాలకు మూడేళ్ల గడువు ఇచ్చింది. గడువు తీరేసరికి సభ రెండుగా చీలి ఉంది. 2012 సినడు అంతవరకూ లేని ఒక తరగతిని కొత్తగా ఏర్పరచి, బెల్హార్‌ను అందులో ఉంచింది. పదవిలోకి వచ్చేవారు దానిపై సంతకం చేయనక్కరలేదు. 2017లో దాన్ని సమకాలీన సాక్ష్యం అనే తరగతికి మార్చారు.

దీన్ని పిరికితనమని కొట్టిపారేయలేను. చీలిపోయిన సంఘం ఎవరికీ ఏకతను బోధించలేదు, ఏకతను కోరే పత్రమే చీలికకు కారణమైతే అది విషాదం. అయినా ఈ దారిని ఎంచుకునే సంఘం తనను తాను ఒక ప్రశ్న అడుగుకోవాలి: తరగతి తగ్గించినది పత్రంలోని బలహీనతను బట్టియా, మనలోని బలహీనతను బట్టియా? ‘కొందరి బలహీనత వలన’ అన్న 1857 నాటి మాటను గుర్తు చేసుకుని ఈ ప్రశ్న అడుగుకోవాలి.

మధ్య దారి నిజాయితీగా ఉండాలంటే దానికి తేదీ ఉండాలి. ఫలానా సంవత్సరంలో మళ్లీ ఓటుకు పెడతామని, ఈలోగా ప్రతి సంఘం పత్రాన్ని ఇన్నిసార్లు చదువుతుందని తీర్మానంలోనే రాసుకోవాలి.

దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్డ్ సంఘం ఈ మధ్య దారిలోనే మరో రూపం చూసింది. 2013లో దాని సర్వసభ, ఒప్పుకునేవారూ ఒప్పుకోనివారూ ఒకే కప్పు కింద ఉండేలా బెల్హార్‌ను చేర్చే సవరణను ప్రతిపాదించింది. ఆ సవరణకు కావలసినంత మద్దతు కింది సభలలో దొరకలేదు. బెల్హార్‌ను రాసిన మిషన్ సంఘం 1994లో నల్లవారి సంఘంతో కలిసి యునైటింగ్ రిఫార్మ్డ్ సంఘమైంది గానీ, తెల్లవారి మాతృసంఘంతో కలయిక మాత్రం ఇంకా జరగలేదు.

## తీర్మానంతో, క్షమాపణతో సరిపెట్టుకోవడం

1960లలో షికాగో శివారు సిసెరోలోని ఒక క్రైస్తవ పాఠశాల, క్రిస్టియన్ రిఫార్మ్డ్ సంఘానికే చెందిన నల్లజాతి కుటుంబాల పిల్లలను చేర్చుకోలేదు. చుట్టుపక్కల తెల్లవారు దాడి చేస్తారన్న భయాన్ని కారణంగా చూపారు. 1968 సినడు సూటిగా మాట్లాడింది: హింస వస్తుందన్న భయం, జాతిని బట్టి సహవాసాన్ని నిరాకరించడానికి కారణం కాజాలదని. అంతకన్నా గట్టి తీర్మానం రాయడం కష్టం. అయినా ఆ పిల్లలకు ఆ తలుపు వెంటనే తెరుచుకోలేదు. మినిట్స్‌లోని మాటను తలుపు దాకా నడిపించే ఏర్పాటు లేకపోతే ఏం జరుగుతుందో ఈ ఒక్క సంఘటన చాలినంత చెబుతుంది.

క్షమాపణకు మాత్రం తీర్మానానికి లేని శక్తి ఒకటి ఉంది. 1990 నవంబరులో దక్షిణాఫ్రికాలోని రస్టెన్‌బర్గ్‌లో సంఘాల నాయకులు కూడినప్పుడు, స్టెల్లెన్‌బాష్ వేదాంత ఆచార్యుడు విల్లీ యోంకర్ లేచి, అపార్థైడ్ విషయంలో తన పాపాన్నీ, తన సంఘం పాపాన్నీ ప్రభువు ఎదుటా, అక్కడున్నవారి ఎదుటా ఒప్పుకున్నాడు. ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ లేచి, ఆ ఒప్పుకోలును స్వీకరిస్తున్నామని చెప్పాడు. పాపపు ఒప్పుకోలు విశ్వాసపు ఒప్పుకోలుకు ముందు నడవగలదని ఆ రోజు చూపించింది. అయితే క్షమాపణ చెప్పిన మనిషితోనే దాని కట్టుబాటు ముగిసే ప్రమాదం ఉంది. రాబోయే తరం పెద్దలను ఆ మాటలు కట్టివేయవు.

## ఎవరికి ఏది

మీ శాఖలో గతంలో జాతిని బట్టి వేరు చేసిన చరిత్ర ఉండి, నష్టపోయినవారి వారసులు ఇప్పటికీ మీ మధ్య ఉండి, వారే దీన్ని అడుగుతుంటే, పూర్తి ఒప్పుకోలుకు ఓటు వేయమని నా సలహా. ‘మరే ఇతర’ అన్న మాటపై భయం ఉంటే, ఆ మాటను ఏ అర్థంలో స్వీకరిస్తున్నారో సినడు వేరుగా రాసి పెట్టుకోవచ్చు. తగాదా ఒక్క మాటపై ఉన్నప్పుడు మొత్తం పత్రాన్ని కింది అరలోకి నెట్టనక్కరలేదు.

వలస వచ్చిన వేర్వేరు భాషల సంఘాలు కొత్తగా కలిసిన చిన్న శాఖ అయితే, పత్రాన్ని అందరి భాషల్లోకి తేవడానికి ముందు ఏ ఓటూ పెట్టవద్దు. తనకు అర్థం కాని పత్రంపై సంతకం చేసిన పెద్ద రేపు దాన్ని కాపాడలేడు.

చీలిక అంచున ఉన్న శాఖకు తేదీతో కూడిన మధ్య దారి తగును. తీర్మానం ఒక్కటే చాలునని అనుకునే సంఘానికి నేను ఒక్కటే అడుగుతాను: దాన్ని అమలు చేసే మనుషుల పేర్లు, వారు తిరిగి లెక్క చెప్పవలసిన సభ తేదీ తీర్మానంలో ఉన్నాయా?

## తెలుగు సంఘాల ముందు ఇదే పత్రం

బెల్హార్‌ను పూర్తిగా స్వీకరించిన రిఫార్మ్డ్ చర్చ్ ఇన్ అమెరికా మనకు కొత్తది కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆర్కాటు మిషన్ పేరుతో మదనపల్లెకు మిషనరీలను పంపినది ఆ శాఖే. అక్కడ పనిచేసిన జేకబ్ చాంబర్లెయిన్ తెలుగు బైబిలు అనువాద సవరణకు నాయకత్వం వహించాడు. ఆ మిషన్ ఫలమైన సంఘాలు తరువాత 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. కాబట్టి ఈ చర్చను మనవాళ్లు దూరపు బంధువుల ఇంటి వ్యవహారంగా వినవచ్చు గానీ, పరాయివారి వ్యవహారంగా వినలేరు.

బెల్హార్‌లోని ‘పుట్టుక’ అన్న మాట మన చెవిలో పడినప్పుడు చర్మపు రంగు గుర్తుకు రాదు, కులం గుర్తుకు వస్తుంది. మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో మరో గుడి, రెండింటి గంటలూ ఒకే ఆదివారం మోగే ఊళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. పెళ్లి సంబంధం దగ్గర, సంఘ కమిటీ ఎన్నికల దగ్గర ఏ లెక్కలు బయటికి వస్తాయో తెలుగు క్రైస్తవులకు ఎవరూ వివరించనక్కరలేదు. వేరుగా కూడుకోవడాన్ని మనమూ వసతి కోసమనీ, అలవాటనీ, కొందరు నొచ్చుకుంటారనీ సమర్థించుకుంటాం. 1857లో సినడు చెప్పినదీ సరిగ్గా ఇదే.

అమెరికాలో ఈ శాఖల సభ్యులుగా ఉన్న తెలుగువారు తమ సంఘంలో ఓటుకు ముందు జరిగే చర్చలో ఒక పని చేయవచ్చు. పత్రం రెండవ భాగాన్ని తెలుగులో గట్టిగా చదివి, ‘పుట్టుక’ అన్న చోట ఆగి, అది తమ ఇంట్లో, తమ ఊరి గుడిలో ఏమని పిలవబడుతుందో మిగతా సభ్యులకు చెప్పవచ్చు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ఉన్న లెక్కగా మాత్రమే బెల్హార్‌ను చూస్తున్న పెద్దలకు ఆ మాట కొత్తగా వినిపిస్తుంది. ఇక్కడి సంఘాలలో అయితే, ఏ సినడు ఓటు కోసమూ ఎదురుచూడకుండా, రాబోయే సంస్కారపు ఆదివారం రెండు పల్లెల వారికీ కలిపి ఒకే బల్ల వేయగలమా అని ఈ నెల కమిటీ సమావేశంలో పెద్దలు అజెండాలో రాసుకోవచ్చు.